హంపికి ఏటి అవతల బస

పిల్లలూ, 50 రూపాయల కొత్త నోటు దొరికితే వెనక్కి తిప్పి చూడండి. అక్కడున్న రాతి రథం హంపి విఠలాలయం ప్రాంగణంలో ఉంది. సెలవుల్లో మనలో చాలామంది హంపికి వెళ్తారు. పొద్దున హోసపేట స్టేషన్లో దిగి, ఆటోలో అన్నీ చుట్టేసి, సాయంత్రం మళ్ళీ రైలెక్కేస్తారు. అలా చూస్తే హంపి రాళ్ళ ఊరుగానే గుర్తుంటుంది. రెండు రాత్రులు ఉండి చూడాలి.

మేము ఉండడానికి ఎంచుకున్నది తుంగభద్ర ఉత్తరపు గట్టునున్న ఆనెగొంది. కన్నడంలో ఆ పేరుకు ఏనుగుల గుంట అని అర్థం. విజయనగరం కన్నా పాత ఊరు. అక్కడ హోమ్‌స్టేలు ఉన్నాయి. అంటే ఇంటివాళ్ళే తమ ఇంట్లో ఒకటి రెండు గదులు అతిథులకిచ్చి, పొద్దున టిఫిను పెట్టే బస. కేంద్ర పర్యాటక శాఖ పథకంలో నమోదు కావాలంటే యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురముండాలి, అద్దె గదులు ఆరుకు మించకూడదు. హోటల్‌కీ దీనికీ అసలు తేడా ఈ షరతే.

క్వార్టర్లలో పెరిగే మీకు ఇది కొత్తగా ఉంటుంది. మూడు నాలుగేళ్ళకోసారి ఇల్లు మారే మనం గోడకు మేకు కొట్టాలన్నా ఆలోచిస్తాం. ఇక్కడ ఇంటి అవ్వ తన అత్తగారి కాలం నాటి రోలు చూపిస్తుంది. టిఫినుకు ఒగ్గరణె పెడతారు. అనంతపురం, కర్నూలు వాళ్ళకు అది ఉగ్గాని: నానబెట్టిన బొరుగుల తాలింపు, పక్కన మిరపకాయ బజ్జీ. తెలుగు అర్థమయ్యేవాళ్ళు ఆ ప్రాంతంలో చాలామంది. ఆముక్తమాల్యదను తెలుగులో రాసిన కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు ఏలిన రాజధాని అది మరి.

పాత కట్టడాల పక్కనే పెద్ద హోటళ్ళు ఎందుకు కట్టరు? 2010లో సవరించిన చట్టం ప్రకారం, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. పునాది తవ్వితే భూమిలోని పాత ఆనవాళ్ళు పోతాయి కదా.

అయితే ఆ కట్టడాల మధ్యే బతుకుతున్నవాళ్ళ మాటేమిటి? విరూపాక్షాలయం ముందు బజారులో, రాతి మండపాల్లోనే ఎన్నో కుటుంబాలు ఇళ్ళు, అంగళ్ళు పెట్టుకుని ఉండేవి. 2011లో వాళ్ళను ఖాళీ చేయించారు. మండపాలు బయటపడ్డాయి, బజారు సందడి పోయింది. మండపాలను కాపాడాలన్నదీ న్యాయమే, బతుకుతెరువు పోయిందన్నదీ న్యాయమే. మనకు బదిలీ ఉత్తర్వు వస్తే ఇంకో ఊళ్ళో ఇంకో క్వార్టరు ఉంటుంది. వాళ్ళకున్నది ఆ ఒక్క ఊరే. అందుకే, పాత ఇంటిని పడగొట్టకుండా బాగుచేసి గది అద్దెకివ్వడం మాకు నచ్చింది. ఇల్లూ నిలుస్తుంది, ఇంటివాళ్ళూ ఊళ్ళోనే ఉంటారు.

మీరు వెళ్తే రాత్రి భోజనం సంగతి పొద్దున్నే చెప్పండి. వండేది మన కోసమే, అర్ధరాత్రి ఆర్డరు కుదరదు. (ఇది మా పిల్లలకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.) ఏరు దాటడానికి మరపడవలు, పుట్టీలు ఉంటాయి. ఆఖరి పడవ ఎప్పుడో ఇంటివాళ్ళనే అడగండి. వానాకాలంలో డ్యాం నీళ్ళు వదిలితే పడవలు ఆపేస్తారు. అప్పుడు హంపికి రోడ్డు మీద చుట్టు తిరిగే వెళ్ళాలి.