మీకు తెలుసా? మధ్యాహ్నమైతే వాగు పెరుగుతుంది!

మనాలి–లేహ్ దారిలో సైకిల్ యాత్రికులు చీకటితోనే ఎందుకు బయల్దేరతారో తెలుసా? రోడ్డుకు అడ్డంగా పారే మంచు వాగుల్లో పొద్దున్నే నీళ్లు తక్కువ. ఎండెక్కి పైన మంచు కరిగేకొద్దీ మధ్యాహ్నానికి ఉద్ధృతి పెరుగుతుంది. ఒంటరి యాత్రికులకు ఇదే అసలు పరీక్ష: సంచులు విప్పి ఒకసారి, సైకిల్ మోస్తూ మరోసారి, కాళ్లు కొంకర్లు పోయే నీళ్లలో, పాదాల కింద గుండ్రాళ్లు జారుతుంటే దాటాలి. తోడుంటే ఎంత తేలికో!

వాగులే కాదు, ఎత్తూ పరీక్షే. ఇదే దారిలో సర్చు అనే మజిలీ దాటాక గాటా లూప్స్ అనే ఘాట్ రోడ్డు, ఏకంగా 21 మలుపులు. ఇంకా ముందున్న తంగ్‌లంగ్ లా కనుమ ఎత్తు 5,300 మీటర్ల పైనే. అక్కడి గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు సగం. ఆ పలుచని గాలికి తలనొప్పి, వాంతులు మొదలైతే కనుమ ఎంత దగ్గరున్నా ఎక్కడం ఆపి కిందికి దిగాల్సిందే.