కోడిబరువు - ఈకబరువు

సంక్రాంతి దినములలో పందెపుకోడిని చంకనిడుకొని బరి కడకు వచ్చిన కోనసీమ రైతు, ఎదిరికోడి యెత్తును, బరువును చూడనిదే కత్తి కట్టనీయడు. డేగయా, కాకియా, నెమలియా యను తర్కమెంత జరిగినను తూకము విషయమున నెవ్వరును ఏమరరు.

ముష్టియుద్ధమునందును ధర్మమిదియే. ఆంగ్లేయులు ఆ క్రీడలోని తరగతులకు పెట్టిన పేర్లలో 'బాంటమ్' అనగా చిన్నజాతి కోడి. దానిపై తరగతి 'ఫెదర్', అనగా ఈక. ఈ రెండు బరువులందును కామన్వెల్తు క్రీడలలో పతకములు గొన్న తెలుగువాడొకడు గలడని మన గ్రామములలో నెందరెరుగుదురు?

నిజామాబాదు వాస్తవ్యుడు మహమ్మద్ హుసాముద్దీన్ 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డుకోస్టున 56 కిలోల తరగతియందు కాంస్యపతకము గైకొనెను. 2022లో ఇంగ్లండులోని బర్మింగుహామున 57 కిలోల ఈకబరువున మరల దిగెను. దక్షిణాఫ్రికా యువకుని, బంగ్లాదేశ్ యువకుని వరుసగా 5-0తో ఓడించెను. అనగా న్యాయనిర్ణేతలైదుగురిదియు నొకే తీర్పు. నమీబియా యోధునిపై 4-1తో గెలువగా పతకము నిశ్చయమయ్యెను. ఏలయన సెమీఫైనలున నోడిన యిరువురికిని కాంస్యమిచ్చుట ఈ క్రీడలోని ఆచారము. ఆగష్టు 6వ తేదీన ఘనా దేశీయుడు జోసెఫ్ కామీ 1-4తో ఇతనిని నిలిపివేసెను. మరునాడు ఫైనలు జరుగనే లేదు. కామీ బరిలోనికి రానందున స్వర్ణము ఉత్తర ఐర్లండుకు చెందిన జూడ్ గల్లాఘరునకు దక్కెను.

మూడేసి నిమిషముల మూడు రౌండ్లే కదా యని తేలికగా దలపరాదు. పోరు దినమున ఉదయమే తూకము. 57 కిలోలకు పిసరంత మించినను బరిలోనికి రానీయరు. పిడికిలికంటె ముందు ఆకలిని, దాహమును గెలువవలయును. 2023లో తాష్కెంటునందు జరిగిన ప్రపంచ పోటీలలో అతడు ఇదే తరగతియందు సెమీఫైనలు చేరి, మోకాలి గాయముచే పోరాడకయే కాంస్యముతో మరలవలసి వచ్చెను.

ఇట్టివాడు ఆకాశమునుండి ఊడిపడలేదు. తండ్రియే ముష్టియోధుడు, ఊరిలో గురువు. ఆయన శిక్షణ నందిన నిఖత్ జరీన్ 2022, 2023 సంవత్సరములలో ప్రపంచవిజేతయై, బర్మింగుహామున స్వర్ణమును గూడ దెచ్చెను. హుసాముద్దీనును తరువాత సైన్యము పోషించెను. ఒక ఊరు, ఒక గురువు, పోషించు చేయి. ఇంతకుమించిన రహస్యమేమియు లేదు.

గోదావరి తీరమున పోషించు చేతులకు కొదువ గలదా? కపిలేశ్వరపురముననే జమీందారీ కుటుంబము హరికథా పాఠశాలను స్థాపించి పిల్లలకు విద్యాభ్యాసము జరిపించుచుండగా, ధనమున్నచోట సంకల్పము లేదని యెట్లనగలము? కోడిపందెములను 1960, 1974 సంవత్సరముల చట్టములు నిషేధించినను, ఆ మూడు దినములకై వేయు పందిళ్లు, దీపములు, కోళ్లకు మేపు బాదంపప్పు ఎవరికి తెలియనివి? జూదముపై ఉపన్యాసము మా యుద్దేశము కాదు. ఆ వ్యయములో నొక పాలు అడుగుచున్నాము.

కావలసినది పెద్దది కాదు. వాన తగులని యొక రేకుల సావడి, ఇసుక సంచులు రెండు, చేతితొడుగులు, సైన్యమునుండి విరమించిన యొక శిక్షకునికి నెలజీతము. ఉదయమున పాలు, గ్రుడ్లు. కపిలేశ్వరపురపు పెద్దలు ఈ సంక్రాంతికి ముందే కూడి మాటలాడుకొందురేని, పిల్లల తూకమునకు త్రాసును వేరుగ కొననక్కరలేదు.