మందు కాబోయిన పంది పురుగు

మూడు వారాలకోసారి 2,500 గుడ్లు మింగాలి. కోడిగుడ్లు కావు, పంది కడుపులో పెరిగే నులిపురుగు గుడ్లు. అమెరికాలోని అయోవాలో 29 మంది ఇందుకు ఒప్పుకున్నారు. అందరూ క్రోన్స్ జబ్బు రోగులే. పేగుల్లో పుండ్లు, మెలిపెట్టే నొప్పి, ఆగని విరేచనాలు. ఆ బాధ పడ్డవాళ్లు పురుగు గుడ్లకు సిద్ధపడటంలో వింతేమీ లేదు.

24 వారాలకు 23 మందికి గుణం కనిపించింది. వైద్య పరిశోధకుడు జోయెల్ వైన్‌స్టాక్ బృందం 2005లో ఈ ఫలితం ప్రచురించింది.

ఆ పురుగు పేరు ట్రైక్యూరిస్ సూయిస్, కొరడా పురుగు. దాని గుడ్డు మైక్రోస్కోపు కింద చిన్న నిమ్మకాయలా, రెండు కొసలకూ బిరడాలు బిగించినట్టు కనిపిస్తుంది. పంది పెంటతో నేలమీద పడ్డాక కొన్ని వారాలు మట్టిలో ఉంటేగానీ లోపల పిల్ల తయారుకాదు. అలాంటి గుడ్డును ఇంకో పంది మింగితే పిల్ల బయటికొచ్చి పెద్దపేగులో చేరుతుంది. ఎదిగిన పురుగు సన్నని ముందు భాగాన్ని పేగు పొరలోకి దూర్చి, లావాటి వెనక భాగాన్ని బయటికి వదిలేస్తుంది. ఎక్కువగా పడితే పందిపిల్లలకు రక్తవిరేచనాలవుతాయి.

మనిషి పేగులో మాత్రం ఇది నిలదొక్కుకోలేదు, కొద్ది వారాల్లో బయటికి పోతుంది. కొన్ని వారాలు మట్టిలో ఉండాలి కాబట్టి గుడ్లు ఇంట్లో మరొకరికి నేరుగా అంటవు. వైద్యులు పందిపురుగునే ఎంచుకోవడానికి కారణం ఇదే.

పురుగు రోగిని బాగుచేస్తుందన్న ఊహకు పునాది ఉంది. పేగులో బతకాలంటే పురుగు మన రోగనిరోధక శక్తిని జోకొట్టాలి. క్రోన్స్‌లో అదే శక్తి అదుపు తప్పి సొంత పేగు మీద పడుతుంది. పైగా నులిపురుగులు కనుమరుగైన సంపన్న దేశాల్లో ఇలాంటి జబ్బులు ఎక్కువగా పెరిగాయి. పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న 54 మందిపై జరిగిన పరీక్షలో గుడ్లు మింగిన 30 మందిలో 13 మంది మెరుగుపడ్డారు. ఉత్తుత్తి మందు తాగిన 24 మందిలో నలుగురే.

అసలు పరీక్ష 2013లో ఎదురైంది. దాదాపు 250 మంది క్రోన్స్ రోగులతో చేసిన ప్రయోగంలో గుడ్లకూ ఉత్తుత్తి మందుకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తొలి 29 మందికీ తాము గుడ్లే మింగుతున్నామని తెలుసు. క్రోన్స్ తనంతట తానే తగ్గుతూ, తిరగబెడుతూ ఉండే జబ్బు. ఉత్తుత్తి మందుతోనూ చాలామంది తేరుకున్నట్టు కనిపిస్తారు. ఆశ ఎంత బలమైనదైనా ఇలాంటి చోట పెద్ద పరీక్షే నమ్మదగినది. ఇంటర్నెట్‌లో పురుగు గుడ్లు కొనాలనుకునే రోగికి ఈ మాట గట్టిగా చెప్పాలి.

పరిశోధన ఆగలేదు. పురుగును పక్కనపెట్టి, అది పేగులోకి వదిలే ప్రొటీన్ల మీద ఇప్పుడు దృష్టి పెట్టారు. ఒక ప్రొటీన్‌నే మందుగా చేయగలిగితే మోతాదు లెక్క తెలుస్తుంది, గుడ్ల కోసం పందుల్ని పెంచాల్సిన పనీ ఉండదు.

పంది వల్ల రెండో మేలూ ఉంది, అది మన పిల్లలకు దగ్గరిది. మనుషుల కొరడా పురుగు పంది పురుగుకు దగ్గరి చుట్టం. తీవ్రమైతే పిల్లలకు రక్తహీనత తెస్తుంది, ఎదుగుదలను దెబ్బతీస్తుంది. నులిపురుగుల నివారణ దినాన మన బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ ఏలికపాముల మీద చక్కగా పనిచేస్తుంది. కొరడా పురుగుకు ఒక్క మాత్ర తరచూ చాలదు. దానికి ఐవర్‌మెక్టిన్ జోడిస్తే ఫలితం మెరుగని పరీక్షల్లో తేలింది. మన పేగును చాలావరకు పోలిన పంది పేగులో కొరడా పురుగు ఎలా నాటుకుంటుందో, ఏ మందుకు లొంగుతుందో చూడవచ్చు. మనిషి పేగులో ఆ పని అంత తేలిక కాదు.