మైదానంలో మౌనం.. ఉత్తరాల్లో పోరాటం

1958 మే 12. వాషింగ్టన్‌లో నల్లజాతి నాయకుల సమావేశం. హక్కుల కోసం తొందరపడొద్దనీ ఓపిక పట్టాలనీ అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ హితవు చెబుతున్నారు. సభలో కూర్చున్న ఓ మాజీ ఆటగాడికి ఆ మాట ములుకులా గుచ్చుకుంది. లేచి నిలబడి 'మళ్లీ అదే మాటా!' అనాలనిపించింది. అనలేదు. మర్నాడే అధ్యక్షుడికి ఉత్తరం రాశారు. ఆయనే.. జాకీ రాబిన్సన్.

ఓపిక గురించి రాబిన్సన్‌కి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అమెరికన్లు ప్రాణం పెట్టే బేస్‌బాల్‌లో ఆరు దశాబ్దాలపాటు మేజర్ లీగ్ తలుపులు నల్లవారికి మూసే ఉన్నాయి. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున 42వ నంబరు చొక్కాతో బరిలోకి దిగి వాటిని తెరిచింది ఆయనే. ఆ అవకాశమిచ్చిన బ్రాంచ్ రికీ ముందే ఓ షరతు పెట్టారు.. ఎవరెంత రెచ్చగొట్టినా ఎదురుతిరగకూడదని. రాబిన్సన్ మాటిచ్చారు. ప్రత్యర్థులూ ప్రేక్షకులూ నోటికొచ్చినట్లు తిట్టినా పళ్లబిగువున భరించారు. ఆ షరతు తీరిపోయాకా బెదిరింపులు ఆగలేదు. సిన్సినాటిలో ఆడితే కాల్చేస్తామంటూ 1951లో ఉత్తరాలొచ్చాయి. ఆయన ఆడారు, హోమ్ రన్ కొట్టారు.

అలాగని ఆయనేమీ నోరులేని మనిషి కాదు. 1944లో సైన్యంలో లెఫ్టినెంట్‌గా ఉన్నప్పుడు టెక్సాస్‌లో బస్సు డ్రైవరు వెనక సీట్లోకి వెళ్లమంటే ససేమిరా అన్నారు. కోర్ట్ మార్షల్ తప్పలేదు. విచారణకు ముందే జరిగిందంతా వివరిస్తూ యుద్ధశాఖలోని ట్రూమన్ గిబ్సన్‌కు ఉత్తరం రాశారు. చివరికి నిర్దోషిగా బయటపడ్డారు.

అధ్యక్షుడికే సూటిగా..

ఆటకు వీడ్కోలు చెప్పి ఓ కాఫీ కంపెనీలో వైస్ ప్రెసిడెంట్‌గా చేరాక ఆయన కలానికి అడ్డులేకపోయింది. ఐసన్‌హోవర్‌కు రాసింది ఆ కంపెనీ లెటర్‌హెడ్ మీదే. ఇన్నేళ్లూ మాకంటే ఓపిక పట్టినవాళ్లెవరన్నది అందులో ఆయన ప్రశ్న. మనుషుల మనసులు మారేదాకా కోటీ 70 లక్షల మంది ఎదురుచూడలేరన్నారు. ఓపిక పట్టమని పదేపదే చెప్పడం వల్ల మాలో స్వేచ్ఛాకాంక్ష నలిగిపోతోంది, వివక్ష కోరుకునే ఫాబస్ లాంటివారికి ధైర్యం వస్తోందనీ రాశారు. అంతకు ముందు ఏడాదే లిటిల్‌రాక్‌లో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లల్ని బడిలోకి రానివ్వకుండా సైనికుల్ని నిలబెట్టిన గవర్నరే ఈ ఫాబస్. అప్పుడా పిల్లలకు రక్షణగా సైన్యాన్ని పంపింది ఐసన్‌హోవరే!

1960 ఎన్నికల్లో రాబిన్సన్ మద్దతు నిక్సన్‌కి. గెలిచింది కెనడీ. అయినా 1961 ఫిబ్రవరిలో కెనడీ పనితీరును మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఓపిక వల్లే మా పోరాటంలో ఏళ్లకేళ్లు పోయాయని అందులోనూ గుర్తుచేశారు. 1963 జూన్‌లో మిసిసిపీలో ఉద్యమ నేత మెడ్గర్ ఎవర్స్ హత్య జరిగినప్పుడు, అక్కడికి వెళ్తున్న మార్టిన్ లూథర్ కింగ్‌కు రక్షణ కల్పించాలని కెనడీకి టెలిగ్రామ్ ఇచ్చారు. 1964లో పౌరహక్కుల చట్టం, మరుసటేడు ఓటుహక్కు చట్టం వచ్చాయి. 1972లో, 53 ఏళ్లకే రాబిన్సన్ కన్నుమూశారు.

ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15న మేజర్ లీగ్ ఆటగాళ్లంతా 42వ నంబరు చొక్కానే వేసుకుంటారు. ఆ చొక్కా తొడుక్కున్న మనిషి ఎంత సహించాడో లోకానికి తెలుసు. ఎందుకు ఇక సహించలేనన్నాడో తెలియాలంటే మాత్రం, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ భద్రపరిచిన ఆ ఉత్తరాలు చదవాలి.