నిమిషానికి 60 లీటర్లు: బోరు మోటారు బతికే లెక్క

ఆరున్నర అంగుళాల బోరులో ఒక అడుగు లోతుకు పట్టే నీళ్లు ఆరున్నర లీటర్లు. నూరడుగుల మేర నీళ్లు నిలిచి ఉన్నాయంటే 650 లీటర్లు. కొండాపురం మండలంలో ఒక తోటకు నీళ్లు పెట్టే 5 హెచ్‌పీ మోటారు నిమిషానికి 150 లీటర్లు లాగుతోందనీ, రాతి పగుళ్లలోంచి 60 లీటర్లే ఊరుతున్నాయనీ అనుకుందాం. తేడా 90 లీటర్లు. నూరడుగుల నీళ్లూ ఏడు నిమిషాల్లో అయిపోతాయి. ఎనిమిదో నిమిషం నుంచి గొట్టం ఆగి ఆగి, గాలితో కలిపి పోస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ ఊట 60 నుంచి 30కి, 20కి పడిపోతుంది. మోటారు మాత్రం కరెంటున్నంత సేపూ తిరుగుతూనే ఉంటుంది. కాలిపోవడం మొదలయ్యేది ఇక్కడే.

ఆత్మకూరుకు దగ్గర్లోనే పెన్న మీద 78 టీఎంసీల సోమశిల జలాశయం ఉంది. కానీ కొండాపురం ఉన్న ఈ ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో చాలా పొలాలకు బోరే దిక్కు. కింద ఉన్నదేమో గట్టి రాయి. ఇసుక నేలలో లాగా నీరు అంతటా నిండి ఉండదు. పైనున్న మెత్తబడిన పొరలోనూ, లోతున పగుళ్లలోనూ ఉన్నంతే ఉంటుంది. అందుకే ఇక్కడ బోరులో నీటిమట్టం దిగితే మెల్లగా దిగదు, ఒక్కసారిగా జారిపోతుంది.

ఇప్పుడు వేడి లెక్క చూద్దాం. 5 హెచ్‌పీ అంటే 3.73 కిలోవాట్ల పని. ఆ పని చేయడానికి మోటారు దాదాపు 5 కిలోవాట్ల కరెంటు తీసుకుంటుంది. మిగతా 1.2 కిలోవాట్లు మోటారులోనే వేడిగా మారతాయి. స్నానాల నీళ్లు కాగబెట్టే వెయ్యి వాట్ల హీటరు రాడ్డు ఇచ్చే వేడి కన్నా ఇది కాస్త ఎక్కువ. దాన్ని మోసుకుపోయేది మోటారు ఒంటిని రాసుకుంటూ పైకి పోయే నీరే. నిమిషానికి 60 లీటర్లు పారితే ఆ నీరు వేడెక్కేది 0.3 డిగ్రీలు. 6 లీటర్లు పారితే 3 డిగ్రీలు. అసలు పారకపోతే మోటారుకూ బోరు గోడకూ మధ్య నిలిచిన ఆరేడు లీటర్లే ఆ వేడంతా తాగాలి. అప్పుడు నిమిషానికి దాదాపు 3 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. భూమిలోంచి 30 డిగ్రీల దగ్గర వచ్చిన నీరు పావుగంటలో 70కి చేరగలదు. కొంత వేడిని రాయీ ఇనుమూ పీల్చుకుంటాయి గనుక ఇంకొంచెం టైం పట్టొచ్చు. కానీ లోపలి కాయిల్ ఎప్పుడూ బయటి నీటికన్నా వేడిగానే ఉంటుంది. కాయిల్ తీగకు చుట్టిన పీవీసీ పొర ఓర్చుకునేది 70 డిగ్రీల దాకానే. హద్దు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ ఇన్సులేషన్ ఆయుష్షు సగం అవుతుందని ఎలక్ట్రికల్ ఇంజనీర్లు వేసుకునే లెక్క.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. మోటారు నీళ్లలో మునిగి ఉంటే చాలదు. ఆ నీరు కదలాలి. ‘నీళ్లున్నాయి కదా, ఎందుకు కాలింది?’ అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. సబ్‌మెర్సిబుల్‌లో కింద మోటారు, పైన పంపు, రెంటికీ మధ్య నీరు లోపలికి పోయే జాలీ ఉంటాయి. జల మోటారుకు కిందనుంచి వస్తే, అది జాలీకి చేరేలోపు మోటారును తడుముకుంటూ వస్తుంది. జల పైనుంచి పడితే మాత్రం నేరుగా జాలీలోకే పోతుంది. కింద మోటారు చుట్టూ ఉన్న నీరు నిలవనీరే. బోరు వేసేటప్పుడు ఎన్ని అడుగుల్లో జల తగిలిందో రాసుకుని పెట్టుకోవడం అందుకే అవసరం.

ఎంత పారాలి? ఆరంగుళాల మోటారు చుట్టూ నీరు సెకనుకు 15 సెంటీమీటర్లు, నాలుగంగుళాల మోటారు చుట్టూ ఏడున్నర సెంటీమీటర్లు కదలాలని ఒక ప్రసిద్ధ కంపెనీ పుస్తకంలో ఉంది. ఆరున్నర అంగుళాల బోరుకు లెక్కకడితే రెండింటికీ నిమిషానికి 60 లీటర్ల చుట్టుపక్కలే తేలుతుంది. కొలవడం కూడా కష్టం కాదు. 20 లీటర్ల పెయింటు బకెట్టు గొట్టం కింద పెట్టి చూడండి. 20 సెకన్లలో నిండితే 60 లీటర్లు. మోటారు వేసిన వెంటనే కాదు, గంట నడిచాక కొలవాలి. మొదట వచ్చేది బోరులో నిలవున్న నీరు, తర్వాత వచ్చేదే ఊట.

పాత ఆయిల్ ఇంజన్లు నడిపినవాళ్లకు ఈ సంగతి చేతికి తెలుసు. పంపు పోసే నీటిలోంచే సన్నని గొట్టంతో కొంత నీటిని ఇంజను చుట్టూ తిప్పి బయటికి వదిలేవారు. 5 హెచ్‌పీ డీజిల్ ఇంజను చల్లబడడానికి గంటకు సుమారు 100 లీటర్లు చాలు. మడికి పారే వేల లీటర్లలో అదెంత! నడిపేవాళ్లు మధ్యమధ్యలో ఆ సన్నని ధార కింద చెయ్యి పెట్టి చూసేవారు. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి కాలినా, ధార సన్నబడినా ఇంజను ఆపేసి ఫుట్‌వాల్వు దగ్గరికి వెళ్లేవారు.

జెట్ బోట్లదీ ఇదే ఏర్పాటు. లోతులేని నదుల్లో పోవడానికి 1950ల్లో న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ వాటిని అభివృద్ధి చేశాడు. 1977లో ఎడ్మండ్ హిల్లరీ గంగాసాగర్ నుంచి గంగకు ఎదురెక్కింది ఆ బోట్లలోనే. చాలా జెట్ బోట్లలో పడవను తోసే పంపు నీటిలోంచే కొంత ఇంజనును చల్లబరచడానికి మళ్లిస్తారు. లోతు తక్కువైన చోట పంపు ఇసుకను కూడా పీలుస్తుంది, జాలీ మూసుకుపోతుంది, వేడి ముల్లు పైకి లేస్తుంది. ఇసుక మీద పడవ నిలిపి ఇంజను ఊరికే తిప్పొద్దనీ, జాలీ కడగకుండా మళ్లీ బయల్దేరొద్దనీ నడిపేవాళ్లు అంటారు. బోరు అడుగున ఒండ్రులో కూరుకున్న మోటారు పరిస్థితీ అంతే. మట్టి చుట్టూ చేరితే నీరు తగలదు, వేడి బయటికి పోదు. అందుకే మోటారును అడుగుకు ఆనించకుండా కనీసం పదడుగుల పైన వేలాడదీయాలి.

అసలు చిక్కు స్టార్టరు దగ్గర ఉంది. అందులోని ఓవర్‌లోడ్ రిలే కరెంటు ఎక్కువైతేనే ఆపుతుంది. నీళ్లు లేనప్పుడు పంపుకు బరువు తగ్గుతుంది, కరెంటు కూడా తగ్గుతుంది. 9 ఆంపియర్లు తీసుకునే మోటారు 5, 6కి దిగుతుంది. రిలే దృష్టిలో అంతా బాగానే ఉన్నట్టు. పగటిపూట 9 గంటల ఉచిత కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసే ఆటో స్టార్టరు ఉంటే పొలంలో చూసే మనిషీ ఉండడు. రైతుకు ఆటో స్టార్టరు సుఖమే, కాదనను. కానీ డ్రై రన్ ఆపే పరికరం లేకుండా దాన్ని బిగించడం నా దృష్టిలో తప్పు. ఆ పరికరం కరెంటు తగ్గడాన్ని పట్టుకుంటుంది. 9 తీసుకునే మోటారుకు 7 దగ్గర సెట్ చేస్తే సరిపోతుంది. ఆగాక మళ్లీ వేసుకోవడానికి బోరు ఊరేంత గ్యాప్ పెట్టాలి. వేసిన ప్రతిసారీ మొదటి క్షణాల్లో కరెంటు ఐదారు రెట్లు లాగుతుంది. ఐదు రెట్ల కరెంటు అంటే 25 రెట్ల వేడి.

ఓల్టేజీ కూడా దీనికి తోడవుతుంది. 415 ఉండాల్సింది 350కి పడితే అదే పనికి కరెంటు దాదాపు ఐదో వంతు పెరుగుతుంది, కాయిల్ వేడి 40 శాతం పెరుగుతుంది. నీరు చాలని రోజున ఇది కూడా వచ్చి పడితే మోటారు నిలవడం కష్టం.

ఊట 60 లీటర్ల కన్నా తక్కువ ఉంటే ఏం చేయాలి? గేట్ వాల్వు తిప్పి ఊటకు సరిపడా పోయించడం మొదటి పని, అయితే 60కి దిగువన అదీ మోటారును చల్లబరచదు. అలాంటి బోరుకు నాలుగంగుళాల చిన్న మోటారు దించి, దానికి 125 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం తొడిగితే మేలు. గొట్టాన్ని జాలీకి పైన మూసి, మోటారుకు కింద తెరిచి ఉంచాలి. నీరు ఎటునుంచి వచ్చినా కిందికి దిగి మోటారును ఒరుసుకుంటూనే పైకి పోవాలి. దారి ఇరుకు కావడంతో చల్లదనానికి 60 లీటర్ల చోట 20 లోపే సరిపోతాయి. ఆరంగుళాల మోటారు ఉన్న బోరులో ఈ గొట్టానికి చోటే ఉండదు.

కాలిన 5 హెచ్‌పీ తీసి ‘ఈసారి ఏడున్నర వేద్దాం’ అనేవాళ్లున్నారు. ఏడున్నర వేస్తే బోరు ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. రాతిలో ఊరేది అంతే. మోటారు మార్చేముందు బకెట్టు లెక్క తీయాలి. అదీ డిసెంబరు వానల తర్వాత కాదు, మే నుంచి సెప్టెంబరు లోపు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వచ్చేదాకా ఆ బోరు ఇచ్చేది ఎంతో, దానికి తగ్గ హెచ్‌పీయే కొనాలి.