ఎన్నాళ్లకు తిరిగి వస్తావు? – అమెరికా సందర్శకుల వీసా గురించి కొన్ని మాటలు

ఈ రోజులలో మన సంఘాలలో తరచుగా వినబడే ప్రార్థన మనవి ఒకటి ఉన్నది. "మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, అమెరికా వెళ్లాలి, వచ్చే వారం వీసా ఇంటర్వ్యూ ఉంది, మా కొరకు ప్రార్థన చేయండి" అని తల్లులు అడుగుతారు. ప్రార్థన చేయవలసినదే. అయితే వీసా అంటే ఏమిటి, అది ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వదు అనే సంగతి తెలియక నష్టపోయే కుటుంబాలు కూడా మన మధ్య ఉన్నాయి. గనుక ఈ దినము ఆ సంగతిని కొంచెము వివరముగా ఆలోచిద్దాము.

మీకు నెహెమ్యా జ్ఞాపకమున్నాడు గదా! షూషను కోటలో రాజుకు ద్రాక్షారసము అందించే ఉద్యోగి ఆయన. యెరూషలేముకు వెళ్లాలని సెలవు అడిగినప్పుడు రాజు ఆయనను అడిగినది ఏమిటి? ప్రయాణము ఎన్నాళ్లు పడుతుంది, ఎప్పుడు తిరిగి వస్తావు అని. నెహెమ్యా ముందుగా ప్రార్థన చేసుకున్నాడు. ఆ తరువాత రాజుకు ఒక గడువు చెప్పాడు. అంతేకాదు, నది అవతలి అధికారులు తనను దాటనిచ్చేటట్లు తాకీదులు కూడా అడిగి తీసుకున్నాడు. ఈనాడు హైదరాబాదులోని అమెరికా కాన్సులేటు కిటికీ దగ్గర నిలబడిన మనిషిని అడిగేది కూడా దాదాపు అదే. ఎందుకు వెళ్తున్నారు? ఎన్నాళ్లకు తిరిగి వస్తారు?

మొదటి సంగతి, దరఖాస్తు. బిడ్డలను చూడటానికి, ఊళ్లు చూడటానికి, వైద్యము చేయించుకోవటానికి వెళ్లేవారికి ఇచ్చేది బి2 వీసా. వ్యాపార సమావేశాలు మొదలైన పనులకు వెళ్లేవారికి బి1. మన దేశస్థులకు సాధారణముగా ఈ రెండూ కలిపి బి1/బి2 అని ఇస్తారు. దీని కొరకు డి.ఎస్.-160 అనే ఫారము ఇంటర్నెట్టులో ఇంగ్లీషులో నింపాలి. మీ ఉద్యోగము, మీ కుటుంబము, అమెరికాలో ఉన్న మీ బంధువులు, మునుపు వీసా నిరాకరించబడినదా అనే వివరాలన్నీ అందులో అడుగుతారు. 2019 నుండి, గడచిన 5 సంవత్సరాలలో వాడిన ఫేస్‌బుక్ వంటి సోషల్ మీడియా ఖాతాల పేర్లు కూడా అడుగుతున్నారు. ఫోటో కళ్లద్దాలు లేకుండా తీయించుకోవాలి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఈ ఫారము మీ అబ్బాయి అమెరికా నుండి నింపినా, మీ వీధిలోని ఏజెంటు నింపినా, చివర సంతకముగా లెక్కకు వచ్చేది మీ మాటే. ఇందులో ఉన్నదంతా నిజమని చెప్పేది మీరే. గనుక ఎవరు నింపినా, పంపించే ముందు ప్రతి జవాబు మీకు తెలుగులో చదివి చెప్పమని అడగండి. "అవన్నీ మేము చూసుకుంటాము, మీరు కంగారు పడకండి" అంటే ఊరుకోకండి.

ఫీజు 2023 జూన్ 17 నుండి ఒక్కొక్కరికి 185 డాలర్లు. వీసా రాకపోయినా అది తిరిగి ఇవ్వరు. 2025 జూలైలో చేసిన చట్టములో మరొక 250 డాలర్ల రుసుము కూడా నిర్ణయించారు. గనుక కట్టే రోజున మొత్తము ఎంతో ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూసుకోండి. ఫీజు కట్టి, అపాయింట్‌మెంటు తీసుకున్న తరువాత రెండుసార్లు వెళ్లాలి. మొదట వీసా దరఖాస్తు కేంద్రానికి. అక్కడ వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు. తరువాత కాన్సులేటుకు, అక్కడ ఇంటర్వ్యూ. మునుపు 80 సంవత్సరాలు నిండిన పెద్దలకు ఇంటర్వ్యూ లేకుండా ఇచ్చే వీలుండేది. 2025లో దానిని తీసివేశారు. పాత బి1/బి2 వీసా గడువు ముగిసి 12 నెలలు దాటనివారికి మాత్రము, కొన్ని షరతులతో, ఇంటర్వ్యూ మినహాయింపు మిగిలి ఉన్నది. వీసా చేతికి రాకముందే విమానము టికెట్లు కొనకండి.

రెండవ సంగతి, ఇంటర్వ్యూ. చాలామంది దీనికి భయపడతారు. ఇంగ్లీషు రాదని బాధపడతారు. హైదరాబాదులో తెలుగులో మాట్లాడవచ్చు. మాటలు రెండు మూడు నిమిషాలలోనే ముగుస్తాయి. ఇంత తక్కువ సమయములో అధికారి ఏమి చూస్తాడు? 1952 నాటి అమెరికా వలస చట్టములో 214(బి) అనే సెక్షను ఉన్నది. దాని ప్రకారము, వచ్చిన ప్రతి మనిషీ అక్కడే స్థిరపడిపోవటానికి వస్తున్నాడని ముందుగా అనుకోవాలి. కాదు, నేను తిరిగి వస్తాను అని నమ్మించవలసిన బాధ్యత మనది. అందుకే మీ ఉద్యోగము, పొలము, ఇల్లు, ఇక్కడ మిగిలిన పిల్లలు, చూసుకోవలసిన ముసలి తల్లిదండ్రులు, వీటిని గురించి అడుగుతారు.

అమ్మాయి కాన్పుకు వెళ్లేవారు ఆ మాటే చెప్పండి. అది తప్పు కాదు. "కాన్పు అని చెప్పకూడదు, ఊరు చూడటానికి అని చెప్పండి" అని బోధించేవారు ఉంటారు. ఫారములో ఒకటి, నోట ఒకటి వస్తే ఆ సందేహము మీదే పడుతుంది. బ్యాంకులో నాలుగు రోజులకు అప్పు తెచ్చి డబ్బు వేసి చూపించటము, లేని ఉద్యోగానికి లెటరు పుట్టించటము ఇంకా ప్రమాదము. 214(బి) కింద కాదన్నవారు, పరిస్థితి మారితే మళ్లీ ఫీజు కట్టి మళ్లీ అడగవచ్చు. కాని అబద్ధము చెప్పి లేదా దొంగ కాగితము చూపించి వీసా అడిగారని తేలితే, అమెరికా ప్రవేశానికి జీవితాంతము అనర్హులవుతారు. ఒక్క ప్రయాణము కొరకు చెప్పిన అబద్ధము, రేపు మనవడి పెళ్లికి కూడా అడ్డము నిలబడుతుంది. ఏజెంటు తన ఫీజు తీసుకుని వెళ్లిపోతాడు, శిక్ష మోసేది మీరు.

మూడవ సంగతి, అన్నిటికంటే ఎక్కువమంది పొరబడేది ఇదే. మన వారికి వీసా సాధారణముగా 10 సంవత్సరాలకు ఇస్తారు. దానిని చూసి, పదేళ్లు అక్కడ ఉండవచ్చు కాబోలు అనుకుంటారు. కాదు. పదేళ్లు అంటే ఆ పదేళ్లలో ఎన్నిసార్లయినా ఆ దేశము గుమ్మము దగ్గరకు వెళ్లి తలుపు తట్టవచ్చు అని. తలుపు తీయాలా, ఎన్నాళ్లు ఉండనివ్వాలా అని నిర్ణయించేది విమానాశ్రయములోని అధికారి. ఆయన ఇచ్చే గడువు ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. విమానములో వచ్చేవారికి 2013 నుండి అది కాగితము మీద కాక కంప్యూటరులోనే నమోదు అవుతున్నది. బి2 వారికి సాధారణముగా 6 నెలలు ఇస్తారు. దిగిన వారములోపే మీ పిల్లలచేత ఆ వెబ్‌సైటులో మీ ఐ-94 తీయించి, చివరి తేదీని క్యాలెండరు మీద గుర్తు పెట్టించండి.

ఆ తేదీ దాటితే ఏమి జరుగుతుంది? దాటిన నాటి నుండి మీ పదేళ్ల వీసా చెల్లదు. 180 రోజులకు మించి అక్రమముగా ఉండి బయటకు వస్తే 3 సంవత్సరాలు, ఒక సంవత్సరమో అంతకు మించియో ఉండి వస్తే 10 సంవత్సరాలు మళ్లీ ప్రవేశము లేదు. జబ్బు చేసో, మరొక కారణము చేతనో ఉండవలసి వస్తే, గడువు ముగియక ముందే ఐ-539 అనే దరఖాస్తు పెట్టాలి. ముగిసిన తరువాత పరుగెత్తితే ప్రయోజనము ఉండదు.

నాలుగవ సంగతి, అక్కడ ఉన్నంతకాలము ఎలా ఉండాలి? సందర్శకుల వీసా మీద ఉద్యోగము చేయకూడదు. మీ మనవరాలిని మీరు ఎత్తుకుని ఆడించటము వేరు. పక్క అపార్ట్‌మెంటులో పిల్లలను చూసుకుని, వంటలు చేసి డాలర్లు తీసుకోవటము వేరు. రెండవది ఉద్యోగమే. "మన తెలుగువాళ్లే గదా, ఎవరికి తెలుస్తుంది" అనేవారి మాట వినకండి.

దైవసేవకులకు ప్రత్యేకముగా ఒక మాట. సువార్త కూటముల కొరకు కొన్ని సంఘాలు తిరిగి వాక్యము చెప్పే బోధకుడు, ఏ ఒక్క సంఘములోనూ పదవి తీసుకోకుండా, ఆ కూటములలో వచ్చే కానుకలతో గడుపుకుంటూ బి1 మీద వెళ్లటానికి నియమాలు అనుమతిస్తాయి. కాని ఒక సంఘములో పాస్టరుగా కుదిరి జీతము తీసుకోవాలంటే అది బి1తో కుదరదు. దానికి ఆర్-1 అనే వేరే వీసా ఉన్నది. ఆ సంఘమే ముందుగా ప్రభుత్వానికి అర్జీ పెట్టాలి. ఆ సేవకుడు కనీసము 2 సంవత్సరాలుగా ఆ శాఖలో సభ్యుడై ఉండాలి. కూటములకు వెళ్తూ "మా తమ్ముడిని చూడటానికి" అని మాత్రమే చెప్పి దాటిపోవాలని చూడకండి. సామానులో కరపత్రాలు, ఫోనులో ఆహ్వానాలు కనబడితే ఆ మాట అక్కడే తేలిపోతుంది.

చివరిగా, పెట్టెల సంగతి. అమ్మలు ప్రేమతో నింపే పెట్టెలలోనే చిక్కులు వస్తాయి. మటను పచ్చడి, చికెను పచ్చడి మొదలైన మాంసపు పదార్థాలు పెట్టకండి. పచ్చి కరివేపాకు తీసుకుపోకూడదు. నిమ్మ జాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దానితో వస్తుందని నిషేధించారు. తాజా పండ్లు, విత్తనాలు కూడా వద్దు. మిగిలిన తినుబండారాలు ఏవి ఉన్నా, ఉన్నాయని అధికారికి చెప్పండి. చెప్పినందుకు జరిమానా లేదు. పనికిరానిదైతే తీసి పారవేస్తారు, అంతే. దాచినందుకు జరిమానా ఉన్నది. డబ్బు 10,000 డాలర్లకు మించి ఉంటే తప్పక తెలియజేయాలి. బి.పి., షుగరు మందులు వాటి అట్టలతోనే, డాక్టరు ఇంగ్లీషులో రాసిచ్చిన చీటీతో తీసుకువెళ్లండి. అక్కడి ప్రభుత్వ వైద్య బీమా సందర్శకులకు వర్తించదు. ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే పిల్లలు ఏళ్ల తరబడి అప్పు తీర్చవలసి రావచ్చు. గనుక ప్రయాణ వైద్య బీమా తీసుకోండి, పాత జబ్బులకు అది వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోండి. పాస్‌పోర్టు కొత్తది తీసుకుని ఉండి, వీసా పాతదానిలో ఉంటే, రెండు పాస్‌పోర్టులూ చేతి సంచిలో పెట్టుకోండి.

ప్రియులారా, ఇవన్నీ విని భయపడకండి. ఈ నియమాలలో వృద్ధ తల్లిదండ్రులు పాటించలేనిది ఒక్కటీ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పటము, ఇచ్చిన గడువుకు తిరిగి రావటము, ఈ రెండూ మన చేతిలోనే ఉన్నాయి. ఈ వారము మీ సంఘములో ఎవరైనా ఇంటర్వ్యూకు సిద్ధపడుతూ ఉంటే, వారి ఇంటికి వెళ్లండి. ప్రార్థన చేయండి. ఆ తరువాత వారి ఫారము తెరిచి, ఒక్కొక్క జవాబు వారికి తెలుగులో చదివి వినిపించండి.