దారి చూపే చుక్క దారి తప్పితే

సూరత్‌ను వంతెనల ఊరంటారు. ఇక్కడ ఫ్లైఓవర్ కిందికి బండి దూరిందో లేదో, ఫోనులో మన నీలం చుక్క పైకెక్కి కూర్చుంటుంది. ఇక్కడి లింబాయత్ పేటలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన తెలుగు కుర్రాళ్లు దాని మాట వినరు. గల్లీలు వాళ్ల కాళ్లకు తెలుసు. కరీంనగర్ నుంచి మొదటిసారి వచ్చిన డ్రైవరు మాత్రం బండి ఆపి దిక్కులు చూస్తాడు.

తప్పు అతనిది కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడి నుంచి దిగివచ్చే సంకేతం మన దగ్గరికొచ్చేసరికి రేడియో రొదలో కలిసిపోయేంత బలహీనమవుతుంది. పైగా ఫోను కొలిచేది కాలాన్ని. సెకనులో పదిలక్షల వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్లు తేడా. అందుకే ఈ వ్యవస్థ ప్రాణమంతా అణు గడియారంలో ఉంటుంది.

మన దేశం జీపీఎస్‌లా సొంతంగా నిలుపుకున్న ఉపగ్రహ వ్యవస్థ నావిక్. దాని కష్టాలూ ఆ గడియారంతోనే మొదలయ్యాయి. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన తొలి ఉపగ్రహంలో మూడు గడియారాలుంటే మూడూ ఆగిపోయాయి. దాని బదులు 2017లో పంపిన ఉపగ్రహం ఉష్ణకవచం ఊడక అందులోనే ఉండిపోయింది. గడియారం విదేశాలది కావడమే ఇబ్బందని, అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం సొంతంగా రుబీడియం గడియారం తయారుచేసింది. 2023లో ఎన్‌వీఎస్-01 ఉపగ్రహం దాన్ని మోసుకెళ్లింది. 2025 జనవరిలో ఎన్‌వీఎస్-02, శ్రీహరికోట నూరో ప్రయోగం, కక్ష్య దాకా చేరింది కానీ కవాటాలు తెరుచుకోక పైకి ఎక్కలేకపోయింది. పదకొండు ఉపగ్రహాలు పంపితే స్థానం చెప్పగలిగేవి నాలుగేనని అదే ఏడాది ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. స్థానం లెక్కకట్టడానికి కావలసిందీ కనీసం నాలుగే. ఒక్కటి అలిగినా అంతే సంగతులు!

సరే, నావిక్ బాగుపడిందే అనుకుందాం. అది జీపీఎస్‌కు అండ అవుతుందా? ఉపగ్రహం పాడైతే అవుతుంది. నేల మీద నుంచి ఎవరో దొంగ సంకేతం పంపితే మాత్రం కాదు; జీపీఎస్ అయినా నావిక్ అయినా ఒకే ఆకాశం నుంచి అందే సన్నని గొంతులే. ఒకే నూనెతో వెలిగే రెండు దీపాలు. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు, ఎక్కువగా అమృత్‌సర్, జమ్మూ వైపు, విమానాలకు 465 సార్లు జీపీఎస్ ఆటంకాలు ఎదురయ్యాయి. 2025 నవంబరులో ఢిల్లీ రన్‌వే దగ్గర దొంగ సంకేతాలు వచ్చిన మాట నిజమేనని పౌరవిమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పార్లమెంటులో ఒప్పుకున్నారు. అప్పుడు పాతకాలపు నేల సాధనాలున్న రన్‌వేలకు మాత్రం ఇబ్బంది రాలేదు. ఆ సాధనాలను కనీస స్థాయిలోనైనా ఉంచుకుంటున్నామని ఆయన చెప్పిన మాటే నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది.

సముద్రం మీద అలాంటి నేల సాధనం ఏది? సూరత్ దగ్గరి హజీరా నుంచి అవతలి తీరంలోని ఘోఘాకు రోడ్డున 370 కిలోమీటర్లు, నీటి మీద 90. 2020 నుంచి ఆ 90 కిలోమీటర్లు లారీలు, కార్లు ఫెర్రీలో దాటుతున్నాయి. ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్లు మామూలువి కావు. ఓడలో రాడారు, దిక్సూచి ఎటూ ఉంటాయి. ఒకప్పుడు వీటికి తోడు మరొకటి ఉండేది: లోరాన్-సీ. ధ్రాంగధ్రా, వెరావల్, సూరత్‌కు దక్షిణాన ఉన్న బిలిమోరా; ఈ మూడు ఊళ్ల నుంచి వచ్చే రేడియో సంకేతాల మధ్య కాలభేదాన్ని బట్టి ఓడ తానెక్కడుందో తెలుసుకునేది. 100 కిలోహెర్ట్జ్ తరంగం నేలను అంటిపెట్టుకుని వందల కిలోమీటర్లు పోతుంది. దాన్ని నొక్కేయాలంటే జేబులో పట్టే జామర్ చాలదు, దాని అంతటి స్తంభమే నిలబెట్టాలి.

జీపీఎస్ చవకగా దొరికాక ఈ స్తంభాలు ప్రపంచమంతా దండగగా కనిపించాయి. అమెరికా 2010లో తన లోరాన్ స్తంభాల గొలుసును మూసేసింది. దక్షిణ కొరియా మాత్రం, పొరుగు నుంచి జామింగ్ బెడద తగిలాక, అదే లోరాన్‌ను ఈ-లోరాన్‌గా కొత్తచేసే పనిలో పడింది. మనకూ అలాంటి చోటొకటి దగ్గర్లోనే ఉంది: బిలిమోరా సూరత్ నుంచి రైల్లో గంట దూరం.